పొగాకు కంపెనీల మీదికి లాయర్ల దండును నడిపించిన కేజన్ లాయరు: వెండెల్ గోతియే

పాతకేసులు
అమెరికా కోర్టుల గురించి మన వేదికలో ఎప్పుడు మాట్లాడినా చర్చ ఫుట్‌బాల్ ఆటగాడు ఓజే సింప్సన్ మీద నడిచిన హత్య కేసు దగ్గరే ఆగిపోతోంది. ఆ కేసు వాదించిన జానీ కాక్రన్ లూసియానాలోనే పుట్టాడు. అదే రాష్ట్రం నుంచి ఇంకో రకం లాయరు కూడా వచ్చాడు, మనవాళ్ళలో ఎక్కువమంది ఆయన పేరు విని ఉండరు. వెండెల్ గోతియే. 1943లో అయోటా అనే చిన్న ఊళ్ళో కేజన్ కుటుంబంలో పుట్టి, న్యూ ఆర్లియన్స్‌లో లయోలాలో లా చదివి, పక్కనే ఉన్న మెటైరీలో ఆఫీసు పెట్టుకున్నాడు. విమానాలు కూలినా, హోటళ్ళు తగలబడినా బాధితులందరినీ ఒకే దావా కిందకు తేవడం ఆయన ప్రత్యేకత. 1986 డిసెంబరు 31న పోర్టోరికోలో డుపాంట్ ప్లాజా హోటల్ తగలబడి తొంభై మందికి పైగా చనిపోయారు. ఆ కేసులో బాధితుల తరఫు లాయర్లలో ముందు వరసలో ఉన్నాడు.

ఆయన పేరు మోగింది మాత్రం సిగరెట్ కేసుతో. పీటర్ కస్టానో అని న్యూ ఆర్లియన్స్ లాయరు ఈయనకు స్నేహితుడు. చిన్నప్పటి నుంచి సిగరెట్లు తాగి, 1993లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో నలభై ఏడేళ్ళకే పోయాడు. ఆయన భార్య పేరు ముందు పెట్టి, 1994 మార్చిలో గోతియే దేశంలోని పొగతాగే వాళ్ళందరి తరఫున దావా వేశాడు. అరవై దాకా లా ఫర్మ్‌లను కూడగట్టాడు. ఒక్కో ఫర్మ్ ఏడాదికి లక్ష డాలర్లు వేసుకోవాలి. చందాలు వేసుకుని యుద్ధానికి దిగారన్నమాట.

తెలిసినవాళ్ళు ఇంకా రాయండి.

లూసియానా తెలుగోడు
భలే టాపిక్ పట్టారు సార్. నేను లఫాయెట్‌లో ఎమ్మెస్ చేసి ఇక్కడే స్థిరపడ్డాను. అయోటా మా ఊరికి దగ్గరే. మార్డీ గ్రా రోజున ముసుగులేసుకుని ఇల్లిల్లూ తిరిగే పాత సంప్రదాయం ఆ చుట్టుపక్కల ఇప్పటికీ ఉంది.

కేజన్లంటే ఎవరో తెలియనివాళ్ళకు: వీళ్ళ పూర్వీకులు ఫ్రెంచివాళ్ళు, కెనడాలో ఇప్పటి నోవా స్కోషియా ప్రాంతంలో ఉండేవాళ్ళు. బ్రిటిష్‌వాళ్ళు 1755 నుంచి వాళ్ళను పడవలెక్కించి తరిమేశారు. పిల్లలొక పడవలో, పెద్దలొక పడవలో పోయిన కుటుంబాలున్నాయి. తిరిగి తిరిగి 1765 నాటికి లూసియానా చిత్తడి నేలలకు చేరడం మొదలుపెట్టారు. అక్కడ చేపలు, రొయ్యలు, వరి, పశువులతో బతికారు. తర్వాత 1921 రాష్ట్ర రాజ్యాంగంలో బడి చదువంతా ఇంగ్లీషులోనే అని రాశారు. ఇంట్లో ఫ్రెంచి మాట్లాడే పిల్లాడు బడి ఆవరణలో అదే భాష మాట్లాడితే ‘ఇకపై మాట్లాడను’ అని వందలసార్లు ఇంపోజిషన్ రాయాలి. 1968లో మళ్ళీ ఫ్రెంచిని బతికించడానికి ప్రభుత్వమే ఒక మండలి పెట్టింది, కానీ అప్పటికే ఒక తరం తమ పిల్లలకు భాష నేర్పడం మానేసింది.

గోతియే తరం కేజన్లు ఆ మధ్యలో పెరిగినవాళ్ళు. టౌను లాయర్లు తమను పల్లెటూరి మొద్దులని చూస్తారని వాళ్ళకు తెలుసు. కొందరు దాన్నే ఆయుధం చేసుకున్నారు. యాసను దాచుకోకుండా కోర్టులో ఇంకాస్త సాగదీసి మాట్లాడేవాళ్ళు.

సందేహాలరావు
కథ బాగుంది కానీ, ఈ బాపతు లాయర్లను అమెరికాలోనే అంబులెన్సుల వెనక పరిగెత్తేవాళ్ళని తిడతారు కదండీ. ప్రమాదం జరగ్గానే వాలిపోవడం, సంతకాలు పెట్టించుకోవడం, గెలిస్తే మూడోవంతు లాక్కోవడం. భోపాల్ మర్చిపోయారా? శవాలు లేవకముందే అమెరికా లాయర్లు విమానాలు దిగారు.

పాతకేసులు
మర్చిపోలేదు రావుగారూ. అసలు విశేషమేమిటంటే ఆ భోపాల్ లాయర్లలో కొందరు ఈ కస్టానో గుంపులోనే ఉన్నారు. జాన్ కోల్ అనే వాషింగ్టన్ లాయరు 1984 డిసెంబరులో భోపాల్ వెళ్ళి వేలకొద్దీ వకాలత్‌లు పోగేశాడు. పదేళ్ళకు గోతియే పక్కన కూర్చున్నాడు. సిన్సినాటి లాయరు స్టాన్లీ చెస్లీ భోపాల్ కేసులో న్యూయార్క్ కోర్టు పెట్టిన లాయర్ల కమిటీలో సభ్యుడు, ఈయనా ఇందులో ఉన్నాడు. ఇక మెల్విన్ బెల్లీ! భోపాల్ తర్వాత రోజుల వ్యవధిలో 15 బిలియన్ డాలర్లకు దావా పడేసిన మనిషి. కేసు గెలిస్తే శాన్‌ఫ్రాన్సిస్కో ఆఫీసు మీద సముద్రపు దొంగల పుర్రె జెండా ఎగరేసి ఫిరంగి పేల్చేవాడు. ఆర్భాటమంటే అదీ!

ఇదే బెల్లీ 1960లో న్యూ ఆర్లియన్స్ ఫెడరల్ కోర్టులో లార్టిగ్ అనే పొగతాగే మనిషి కుటుంబం తరఫున సిగరెట్ కంపెనీ మీద వాదించి ఓడిపోయాడు. మూడు దశాబ్దాలు దాటాక అదే ఊరికి, అదే శత్రువు మీదికి మళ్ళీ వచ్చాడు. 1996లో చనిపోయాడు.

బెజవాడ ప్లీడరు
వృత్తిలో ఉన్నవాడిగా ఒకటి రెండు ముక్కలు. రావుగారు చెప్పిన మూడోవంతు ఫీజు మన దేశంలో కుదరదు. గెలిచిన దాంట్లో వాటా అని ఒప్పందం రాసుకుంటే బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం తప్పు. ప్రకటనలు ఇచ్చుకోవడం కూడా తప్పే. కాబట్టి గోతియే లాంటివాడు ఇక్కడ పుట్టినా ఆ పని చేయలేడు. మరి బీదవాడు పెద్ద కంపెనీ మీద ఎలా పోరాడతాడు? భోపాల్‌లో ప్రభుత్వమే 1985లో చట్టం చేసుకుని అందరి తరఫునా తానే వాదిస్తానంది. న్యూయార్క్ జడ్జి కీనన్ 1986 మేలో కేసును భారత్‌కు పంపేశారు. 1989లో 470 మిలియన్ డాలర్లకు సెటిలయింది. ఆ డబ్బు బాధితులకు ఎప్పుడు, ఎంత చేరిందో నేను చెప్పక్కర్లేదు. మన పద్ధతి మరీ పవిత్రమైనదేం కాదు.

ఇక కస్టానో కేసులో గోతియే తెలివి ఎక్కడుందో చూడండి. 1954 నుంచి నలభై ఏళ్ళపాటు సిగరెట్ కంపెనీలు పొగతాగేవాళ్ళ దావాల్లో ఒక్క డాలరు కూడా కట్టలేదు. 1988లో సిపొలోన్ కేసులో జ్యూరీ 4 లక్షల డాలర్లు ఇమ్మంటే అదీ అప్పీలులో పోయింది. వాళ్ళ వాదన ఒక్కటే: పెట్టె మీద హెచ్చరిక ఉంది, తెలిసే తాగాడు, అనుభవించాడు. జ్యూరీకి అది నచ్చేది. పైగా డిపాజిషన్లు (విచారణకు ముందే ప్రమాణం మీద తీసుకునే వాంగ్మూలాలు), వాయిదాలు, నిపుణులు అంటూ అవతలి లాయరు చేతిలో చిల్లిగవ్వ లేకుండా చేసేవాళ్ళు.

గోతియే రెండింటికీ విరుగుడు కనిపెట్టాడు. ఖర్చుకు అరవై ఫర్మ్‌ల చందా. వాదనకేమో, క్యాన్సర్ ఊసే ఎత్తకుండా, ‘వ్యసనం’ మీద దావా. ‘నికోటిన్ అలవాటు చేస్తుందని మీకు తెలుసు, దాచారు, మోతాదును మీ చేతిలో పెట్టుకున్నారు, అలాంటప్పుడు ఇష్టపడి తాగాడని ఎలా అంటారు’ అని. క్యాన్సర్ అయితే ఎవరిది వాళ్ళకే విడిగా నిరూపించాలి. వ్యసనం అందరికీ ఒకటే. అందుకే కోట్లమందిని ఒకే దావాలో కట్టాలనుకున్నాడు.

టీచరమ్మ
చాలా బాగా చెప్పారు ప్లీడరుగారూ. మరి కంపెనీలకు తెలుసని రుజువు ఎక్కడిది?

బెజవాడ ప్లీడరు
ఆ ఏడాది అన్నీ కలిసొచ్చాయి మేడమ్. 1994 ఫిబ్రవరిలో ఆహార, ఔషధ సంస్థ అధిపతి డేవిడ్ కెస్లర్ నికోటిన్‌ను మందుగా పరిగణించాల్సి రావచ్చని లేఖ రాశారు. మూడు రోజుల్లో సిగరెట్లలో నికోటిన్ మోతాదు మీద ఏబీసీ టీవీ కథనం వచ్చింది. ఏప్రిల్ 14న ఏడు కంపెనీల అధినేతలు అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు చెయ్యెత్తి ప్రమాణం చేసి, నికోటిన్ వ్యసనం కాదని తాము నమ్ముతున్నట్టు చెప్పారు. ఆ తర్వాత బ్రౌన్ అండ్ విలియమ్సన్ కంపెనీ లోపలి కాగితాలు బయటికొచ్చాయి. వాళ్ళ సొంత లాయరే 1963లో ‘నికోటిన్ వ్యసనమే, మనం అమ్ముతున్నదీ దాన్నే’ అనే అర్థంలో రాసి పెట్టాడు. 1995లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఆ కాగితాలను ఇంటర్నెట్‌లో పెట్టింది. ఇంకేం కావాలి?

ఒంగోలు బ్యారన్
నేను ఒక మాట చెప్పాలి. మాది ప్రకాశం జిల్లా. మూడు తరాలుగా వర్జీనియా పొగాకే. పొగాకు ఆకు కాల్చే బ్యారన్ దగ్గర రాత్రిళ్ళు మంట చూసుకుంటూ కూర్చున్నవాణ్ణి. ఇక్కడ లాయర్లను పొగుడుతున్నారు, కంపెనీలను తిడుతున్నారు, మధ్యలో రైతు సంగతి ఎవరూ ఎత్తరేం? కేసులు పడితే కంపెనీ తన నష్టాన్ని వేలంలో మన ధర మీదే చూపిస్తుంది. పొగాకు బోర్డు ఉన్నా, వేలం ప్లాట్‌ఫారం ఉన్నా కొనేవాడు తక్కువైతే బేలు ఇంటికి తిరిగొస్తుంది.

పాతకేసులు
న్యాయమైన మాట అన్నా. అమెరికాలో ఈ ప్రశ్న వచ్చింది, దానికి డబ్బులు కూడా వచ్చాయి. 1998 నవంబరులో 46 రాష్ట్రాలతో కంపెనీలు పెద్ద ఒప్పందం చేసుకున్నాయి, 25 ఏళ్ళలో 206 బిలియన్ డాలర్లు కట్టేలా. దాని వెనకే పొగాకు పండించే రాష్ట్రాల రైతులకని 5.15 బిలియన్ డాలర్లతో వేరే నిధి పెట్టారు. ఎవరెంత పొగాకు పండించాలో నిర్ణయించే అక్కడి కోటా పద్ధతిని 2004లో ఎత్తేసినప్పుడు రైతులకు, కోటా హక్కుదార్లకు సుమారు 10 బిలియన్ల పరిహారం చట్టం చేసి ఇచ్చారు. పొగాకు మాని ఇంకో పంటకు మారమని మనవాళ్ళూ చెబుతారు. మారేదాకా తిండెవరు పెడతారో మాత్రం చెప్పరు.

ఒంగోలు బ్యారన్
ఇది నాకు తెలియని సంగతి. మా ఊళ్ళో చెప్తే ఎవరూ నమ్మరు. థ్యాంక్స్ బ్రదర్.

సందేహాలరావు
సరే, అసలు కేసు ఏమైంది? ఆయన గెలిచాడా లేదా, సూటిగా చెప్పండి.

బెజవాడ ప్లీడరు
ఓడిపోయాడు. 1995 ఫిబ్రవరి 17న న్యూ ఆర్లియన్స్ ఫెడరల్ జడ్జి ఓక్లా జోన్స్ దేశవ్యాప్త క్లాస్‌ను, అంటే అందరినీ ఒకే దావాలో కలపడాన్ని, ఆమోదించినప్పుడు పొగాకు షేర్లు పట్టుకున్నవాళ్ళకు టెన్షన్ పట్టుకుంది. 1996 మే 23న అయిదో సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు ఆ ఆమోదాన్ని కొట్టేసింది. యాభై రాష్ట్రాల చట్టాలు యాభై రకాలు, ఒకే విచారణలో ఎలా నడుపుతారంది. వ్యసనం మీద దావా కొత్తది, విడి కేసుల్లో ఒక్కసారి కూడా పరీక్షకు నిలవలేదంది. ఇన్ని కోట్లమందిని ఒకే తీర్పుకు కడితే గెలుపోటములతో పనిలేకుండా భయంతోనే కంపెనీ సెటిల్ చేసుకోవాల్సి వస్తుందని కూడా అంది. క్లాస్ యాక్షన్ చదివే ప్రతి లా విద్యార్థికీ ఈ తీర్పు ఇప్పటికీ పాఠమే. కస్టానో అనే పేరు అక్కడి లా పుస్తకాల్లో నిలిచింది ఓడిన కేసుగానే.

పాతకేసులు
ప్లీడరుగారు తీర్పు వరకూ కరెక్ట్‌గా చెప్పారు. కానీ అక్కడే ఆపేస్తే గోతియేకి అన్యాయం. అప్పీలు తీర్పుకు రెండు నెలల ముందే, 1996 మార్చిలో, అయిదు పెద్ద సిగరెట్ కంపెనీల్లో అన్నిటికన్నా చిన్నదైన లిగెట్ వచ్చి కస్టానో గుంపుతోనూ అయిదు రాష్ట్రాలతోనూ రాజీ పడింది. నలభై ఏళ్ళ కోటకు మొదటి బీట అదే. మిసిసిపీ అటార్నీ జనరల్ మైక్ మూర్ 1994 మేలో వేసిన దావా వేరే దారి: పొగతాగేవాడి జబ్బుకు రాష్ట్రం పెట్టిన ఆసుపత్రి ఖర్చు తిరిగి ఇమ్మని. చివరికి పెద్ద డబ్బు వచ్చింది ఆ దారినే. అయితే ఒకవైపు రాష్ట్రాలు, ఇంకోవైపు కస్టానో గుంపు, ఇలా రెండు వైపుల నుంచీ ఒకేసారి తగిలితేనే కంపెనీలు బల్ల దగ్గర కూర్చున్నాయి. 1997 జూన్‌లో 368 బిలియన్లకు పైగా మొత్తం మాట్లాడుకున్న చర్చల్లో ఈ గుంపు కూడా ఉంది. ఆ ఒప్పందం సెనేట్‌లో చచ్చిపోయింది, అది వేరే సంగతి.

సందేహాలరావు
ఫీజుల సంగతి దాటేశారే! ఫ్లోరిడా, టెక్సాస్, మిసిసిపీ లాయర్లకు కలిపి 8 బిలియన్ డాలర్లకు పైగా ఫీజు ఇచ్చారు 1998 చివర్లో. మిసిసిపీ దావా నడిపిన హీరో లాయరు డిక్కీ స్క్రగ్స్ తర్వాత జడ్జికి లంచం కేసులో 2008లో జైలుకెళ్ళాడు. ప్రజాసేవ అంటే ఇదేనా?

పాతకేసులు
స్క్రగ్స్ చేసిన పనికి గోతియేని బోనెక్కిస్తారేంటండీ? ఫీజులు ఎక్కువే, కాదనను. నా లెక్క వేరు. నలభై ఏళ్ళు నీతిమంతులు పోరాడి ఒక్క డాలరు రాబట్టలేకపోయారు. లాభం కోసం దిగినవాళ్ళే అవతలివాళ్ళంత ఖర్చు పెట్టి నిలబడగలిగారు.

లూసియానా తెలుగోడు
ఆర్భాటం అన్నారు కాబట్టి ఇంకో కేజన్ లాయరు గురించి చెప్పకపోతే తప్పు. ఎడ్విన్ ఎడ్వర్డ్స్. కౌలురైతు కొడుకు. లా పాసై 1949లో క్రౌలీలో ప్రాక్టీసు పెట్టాడు, ఫ్రెంచి వచ్చిన లాయర్లు అక్కడ తక్కువని. తర్వాత నాలుగుసార్లు గవర్నరు. 1984 జనవరిలో ఎన్నికల అప్పు తీర్చడానికి మనిషికి 10,000 డాలర్లు వసూలు చేసి ఆరువందల మందిని ప్యారిస్ తీసుకెళ్ళాడు. 1985లో ఆయన మీదే అవినీతి కేసు నడుస్తుంటే కంచరగాడిద లాగే బండెక్కి కోర్టుకొచ్చాడు. ఆ కేసులో బయటపడ్డాడు. 1991లో జాతివిద్వేష నాయకుడు డేవిడ్ డ్యూక్ మీద పోటీ చేస్తే జనం కార్ల మీద ‘దొంగకే ఓటేయండి, ఇది ముఖ్యం’ అని స్టిక్కర్లు వేసుకుని మరీ గెలిపించారు. చివరికి 2000లో దోషి అయ్యాడు, జైలు చేశాడు, బయటికొచ్చి మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు, 93 ఏళ్ళకు 2021లో పోయాడు. ఇక్కడి పెద్దాళ్ళు ఆయన పేరెత్తితే నవ్వుతూనే మొదలుపెడతారు.

మా లఫాయెట్‌లో ఇంకో ఇద్దరున్నారు. 1984–86 మధ్య ఒక కాథలిక్ ఫాదర్ పిల్లల మీద చేసిన అఘాయిత్యాల కేసు ఇక్కడే బయటపడింది. ఎక్కువ కుటుంబాలు గుట్టుగా రాజీపడితే, ఒక కుటుంబం ఒప్పుకోలేదు. వాళ్ళ తరఫున మైనస్ సైమన్ అబ్బెవిల్ కోర్టులో జ్యూరీ ముందు వాదించి 1986లో 12.5 లక్షల డాలర్లు తెప్పించాడు. అంతకన్నా ఆశ్చర్యం అవతలి పక్షం లాయరు రే మూటన్. ఫాదర్‌ని కాపాడటానికి పెట్టుకున్న మనిషి, లోపల చూసింది భరించలేక, మరో ఇద్దరు ఫాదర్లతో కలిసి 1985లో బిషప్పులకు ఒక నివేదిక రాశాడు. ఇలాగే దాస్తే పదేళ్ళలో బిలియన్ డాలర్లు పోతాయని. వాళ్ళు పక్కన పెట్టేశారు. 2002లో బోస్టన్‌లో ఫాదర్ల అఘాయిత్యాలు బయటపడ్డాక అందరికీ గుర్తొచ్చింది. నన్నడిగితే ఈ నలుగురిలో పెద్దవాడు మూటనే.

టీచరమ్మ
మూటన్ గురించి వేరే థ్రెడ్ పెట్టండి బాబూ, తప్పకుండా చదువుతాను. ఇంతకీ గోతియే సిగరెట్ల తర్వాత ఏం చేశాడు?

పాతకేసులు
తుపాకులు. 1998 అక్టోబరు 30న న్యూ ఆర్లియన్స్ నగరం తరఫున తుపాకుల కంపెనీల మీద దావా. అమెరికాలో ఒక నగరం అలా వేయడం అదే మొదలు. మేయరు మార్క్ మోరియల్, వెనక గోతియే గుంపు. వస్తువులో లోపం ఉందన్నది వాదన: పిల్లాడు తీసినా పేలుతుంది, యజమానికి తప్ప పేలకుండా చేసే ఏర్పాటు పెట్టలేదు అని. రెండు వారాల్లో షికాగో కూడా వేసింది.

ఇందులో నవ్వొచ్చే సంగతొకటుంది. అదే నగర పోలీసులు తాము పట్టుకున్న వేల పాత తుపాకుల్ని ఒక డీలరుకిచ్చి కొత్త గ్లాక్ పిస్తోళ్ళు మార్చుకున్నారని బయటపడింది. దావా వేసినవాళ్ళే సెకండ్‌హ్యాండ్ మార్కెట్‌కు సరుకు పంపారు! 1999లో రాష్ట్ర చట్టసభ ఇలాంటి దావాలు చెల్లవని చట్టం చేసింది, 2001లో రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని సమర్థించి కేసు కొట్టేసింది. 2005లో దేశం మొత్తానికీ అలాంటి చట్టమే వచ్చింది. గోతియే అది చూడలేదు. 2001 డిసెంబరులో క్యాన్సర్‌తోనే పోయాడు, 58 ఏళ్ళకు.

సందేహాలరావు
అంటే రెండు పెద్ద దావాలూ కోర్టులో ఓడిపోయాడు. నేను మొదట్నుంచీ చెబుతున్నదీ అదే.

బెజవాడ ప్లీడరు
ఒకటి మిగిలింది రావుగారూ. దేశవ్యాప్త క్లాస్ పోయాక ఆ గుంపు రాష్ట్రాల వారీగా దావాలు వేసింది. లూసియానాలో వేసిన స్కాట్ కేసు గెలిచారు. 2004లో జ్యూరీ 591 మిలియన్ డాలర్లు ఇమ్మంది, అప్పీళ్ళలో తగ్గి తగ్గి వడ్డీతో కలిపి 2011లో సుమారు 280 మిలియన్ల దగ్గర తేలింది. ఆ డబ్బు ఎవరి జేబులోకీ వెళ్ళకుండా, పొగ మానాలనుకునేవాళ్ళ చికిత్సకే. మన దగ్గర బహిరంగ స్థలాల్లో పొగతాగొద్దన్న 2001 సుప్రీంకోర్టు ఉత్తర్వు గానీ, 2003 చట్టం గానీ, పెట్టె మీద 85 శాతం మేర హెచ్చరిక గానీ, ఏవీ తాగి చెడినవాడికి మందు ఖర్చు ఇచ్చేవి కావు.

ఒంగోలు బ్యారన్
ఆ చికిత్స ఎవరికిస్తారు? రాష్ట్రంలో అందరికీనా?

లూసియానా తెలుగోడు
అందరికీ కాదన్నా. 1988 సెప్టెంబరు 1కి ముందు సిగరెట్ మొదలుపెట్టిన లూసియానావాళ్ళకు మాత్రమే. నికోటిన్ ప్యాచీలు, మాత్రలు, కౌన్సెలింగ్ అన్నీ ఉచితం. 2012లో మొదలై పదేళ్ళు నడిచింది. మా వీధిలో ఒక రిటైర్డు ఆయిల్ రిగ్ పనివాడు దాంట్లోనే మానేశాడు. ఆ డబ్బు ఎక్కడిదో ఆయనకు తెలియదు, గోతియే పేరు చెబితే ‘ఏ గోతియే, పారిష్‌కి (అంటే జిల్లాకి) వందమంది ఉంటారు’ అన్నాడు.